వేడినీళ్ళు కలవు

మాచర్ల నుంచి సాగర్ వెళ్ళే రోడ్డు మీద, ఊరు దాటిన అర మైలుకి అంకమ్మ హోటలు ఉండేది. హోటలంటే పెద్ద హంగేమీ లేదు. ముందు తాటాకు పందిరి, పందిరి కింద నాలుగు బల్లలు, వెనక రెండు గదుల నాపరాళ్ళ ఇల్లు, ఆ వెనక దొడ్డి, దొడ్లో బావి. పదకొండేళ్ళపాటు ఆ బల్లల మీద కూర్చుని తిన్నవాళ్ళంతా రోడ్డుకి అవతలున్న క్వారీలో రాయి కొట్టేవాళ్ళే. పొద్దున్నే వచ్చి జొన్నరొట్టెలు, ఎర్రకారం, ఉల్లిపాయతో కడుపు నింపుకుని గునపాలు భుజాన వేసుకుని వెళ్ళేవాళ్ళు. మధ్యాహ్నం అన్నానికి వచ్చేవాళ్ళు. అంకమ్మ మొగుడు గురవయ్య కూడా వాళ్ళలో ఒకడే. పలక మందం చూపుతోనే అంచనా కట్టి, ఉలి ఎక్కడ పెడితే రాయి గీత గీసినట్టు చీలుతుందో చెప్పగలిగిన పనిమంతుడు.

ఎనభై ఆరు వేసవిలో క్వారీ మూతబడింది. కింద నీళ్ళూరి, మంచి పలక రావడం మానేసింది. యజమాని ఇంకోచోట గుత్త తీసుకుని వెళ్ళిపోయాడు. కూలీలు పిడుగురాళ్ళ వైపు కొందరు, రెంటచింతల వైపు కొందరు చెల్లాచెదురయ్యారు. గురవయ్యని కూడా రమ్మన్నారుగానీ, యాభై దాటిన మనిషి ఊరు మారి గుడిసెలో పడుకోవడమెందుకని అంకమ్మే ఆపింది.

"హోటల్లో నాకు చేదోడుగా ఉండు మావా" అంది.

ఉన్నాడు. ఉండి, నెలలో పదహారు గాజు గ్లాసులు పగలగొట్టాడు. బండరాళ్ళు పట్టిన చేతికి టీ గ్లాసు ఉందో లేదో కూడా తెలిసేది కాదు. పైగా అందించడానికి మనుషులేరీ? ఎడ్లబళ్ళవాళ్ళు ఒకరిద్దరు, దారిన పోయే లారీవాడు ఒకడు. వేసవి పోయింది, వానలు పోయాయి. అంకమ్మ ఇడ్లీపిండి నానబోయడం సగానికి తగ్గించింది. ఆ సగంలో సగం పక్కింటి మాబున్నీసా ఇంటికి పోయేది. మాబున్నీసా గాజుల మలారం నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగి గాజులమ్మేది. పొద్దున్నే మలారం ఎత్తుకునే ముందు అంకమ్మ పొయ్యి దగ్గర కూర్చుని రెండు మాటలు మాట్లాడితేగానీ కదిలేది కాదు.

కార్తీకం వచ్చింది. దాంతోపాటు బస్సులు వచ్చాయి.

అవి ప్రతి ఏడూ వచ్చేవే. చలి మొదలైతే చాలు, తెనాలి, రేపల్లె, చీరాల, బాపట్ల ఎక్కడెక్కడి బడిపిల్లలూ సాగరు చూడటానికి స్పెషల్ బస్సుల్లో వచ్చేవాళ్ళు. అర్ధరాత్రి బయల్దేరి, తెల్లవారేసరికి మాచర్ల దాటి, కొండకి వెళ్ళే మొదటి లాంచీ అందుకోవాలని ఒకటే పరుగు. క్వారీ ఉన్నన్నాళ్ళూ అంకమ్మ వాటివైపు కన్నెత్తి చూసిందిలేదు. ఇప్పుడు చేతిలో పనిలేక పందిరి గుంజకానుకుని చూసింది. ఒక పొద్దున ఆరు బస్సులు పోయాయి. ఆరూ ఆగలేదు.

"బస్సుకి యాభై మంది మావా" అంది. "ఒక్కటి ఆగినా మన పొయ్యి సాయంత్రం దాకా ఆరదు."

"ఎందుకాగుద్ది? వాళ్ళకి మనం ఉన్నామనే తెలవదు" అన్నాడు గురవయ్య.

నిజమేననిపించింది. తెలియజేద్దామనుకుంది. ముందు బోర్డు రాయించింది. పసుపు రంగు మీద ఎర్రటి అక్షరాలు, పక్కన పొగలు కక్కుతున్న ఇడ్లీ బొమ్మ. బస్సులు ఆగలేదు. తర్వాత గురవయ్యను రోడ్డు పక్కన నిలబెట్టింది. ఆయన భుజం మీది ఎర్ర తువ్వాలు తీసి ఊపాడు. ఒక బస్సు కీచుమని ఆగింది. డ్రైవరు కంగారుగా తల బయట పెట్టి, "ఏందయ్యా, ఏమైంది? ఎవరికి?" అన్నాడు.

"ఏంకాలా. వేడివేడి ఇడ్లీ ఉంది" అన్నాడు గురవయ్య.

డ్రైవరు తిట్టిన తిట్లు మాబున్నీసా ఇంటి దాకా వినపడ్డాయి. "ఎర్రగుడ్డ ఊపితే ఎవరో చచ్చారనుకున్నా గదయ్యా! ఇడ్లీకా!" అంటూ వెళ్ళిపోయాడు.

గురవయ్య తువ్వాలు మడిచి భుజాన వేసుకుని వచ్చి, "ఇంక నన్ను రోడ్డెక్కమనబాక" అన్నాడు.

ఆ తర్వాత మూడు రోజులు మైకుసెట్టు పెట్టించింది. పాటలు చంద్రవంక వాగు అవతలికి కూడా వినపడ్డాయని ఊళ్ళో చెప్పుకున్నారు. పాటలతోపాటు గారెల మూకుడు తెచ్చి రోడ్డువారనే పెట్టింది, వాసనకన్నా ఆగుతారని. ఊరి కుక్కలన్నీ ఆగాయి. బస్సు ఒక్కటీ ఆగలేదు.

మూడోనాడు మాబున్నీసా గారె కొరుకుతూ అసలు సంగతి చెప్పింది. "అక్కా, చలికి షట్టర్లన్నీ దించుకుని పోతన్నారు. నీ పాటా పోదు లోపలికి, నీ గారెల వాసనా పోదు."

అంకమ్మ మూకుడు దించేసి, మైకుసెట్టువాణ్ణి పంపేసింది.

ఆ వారంలోనే ఒక బుధవారం, ఇంకా పూర్తిగా వెలుగు రాకముందు, ఒక బస్సు హోటలు దాటి కొంచెం దూరంలో దానంతటదే ఆగింది. కిటికీలోంచి ఒక పిల్ల తల బయటపెట్టి వాంతి చేసుకుంటోంది. తలుపు తెరుచుకుని ఇంకో ఇద్దరు ముగ్గురు పిల్లలు దిగారు. అంతా ఆడపిల్లలు. వాళ్ళ వెనక శాలువా కప్పుకున్న ఒక టీచరు దిగి, గబగబా పందిరి దగ్గరికి నడిచి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. కళ్ళద్దాల వెనక కళ్ళు నిద్రలేక ఎర్రబడి ఉన్నాయి.

"ఏమ్మా, ఇక్కడ ఆడపిల్లలకి ఎక్కడన్నా చాటు ఉందా?" అంది గొంతు తగ్గించి.

"చాటెందుకు లేదమ్మా, లోపల గదుంది. చలిగాలి తగలదు. రాండి, కూర్చోండి."

"కూర్చోడానికి కాదమ్మా" అంది టీచరు. అని, తల దించుకుంది.

అంకమ్మకి అప్పుడర్థమైంది. "అయ్యో తల్లీ" అంటూ చేతిలో గరిట అక్కడే పడేసింది. "ఎంతమంది?"

"నలభై ఆరుగురు. టీచర్లం ముగ్గురం."

దొడ్లో స్నానానికి కట్టుకున్న తడికల దడి ఒక్కటే ఉంది. మాబున్నీసా ఇంట్లో ఇంకొకటి. అంకమ్మ గోడ మీంచి ఒక్క కేక వేసింది. మాబున్నీసా పరుగెత్తుకొచ్చింది. ఇద్దరూ కలిసి ఇంట్లో ఉన్న చీరలన్నీ బయటికి లాగి, దొడ్డి వెనక తుమ్మచెట్ల మధ్య తెరలు కట్టారు. చాలనిచోట అంకమ్మ ఒక కొస, మాబున్నీసా ఒక కొస పట్టుకుని అటు తిరిగి నిలబడ్డారు. గురవయ్య ఎవరూ చెప్పకుండానే ముందువైపుకి వెళ్ళిపోయి, డ్రైవరునీ క్లీనరునీ తనతోపాటు రోడ్డు మీదే కూర్చోబెట్టుకున్నాడు. పిల్లలు పదిమంది చొప్పున వెళ్ళివచ్చారు. ఇడ్లీకని మరగబెట్టిన నీళ్ళు బకెట్లో పోసి, బావి నీళ్ళు కలిపి ఇచ్చింది అంకమ్మ. చలికి బిగుసుకుపోయిన మొహాల మీద ఆ వేడినీళ్ళు పడగానే పిల్లలు కిలకిలమని అరిచారు. ఒకళ్ళ మీద ఒకళ్ళు చల్లుకున్నారు. వాంతి చేసుకున్న పిల్ల కూడా నవ్వింది.

ఆ తర్వాత వాళ్ళకి ఆకలి గుర్తొచ్చింది. అరగంటలో ఇడ్లీ, ఉప్మా, నిన్నటి గారెలు, చివరికి గురవయ్య కోసం దాచిన రెండు రొట్టెలు కూడా అయిపోయాయి.

టీచరు పేరు హైమవతి. రేపల్లె దగ్గర ఆడపిల్లల హైస్కూల్లో తెలుగు చెబుతుంది. టీ తాగుతూ అంది, "మీ రుణం తీర్చుకోలేనమ్మా. నిన్న మధ్యాహ్నం నుంచి నేను మంచినీళ్ళు ముట్టలేదు. పిల్లలకీ అదే చెప్పాను, తాగొద్దని. మగపిల్లల బస్సులైతే ఎక్కడాపినా దిగుతారు. మాకెక్కడుంది? దారిలో ఒకచోట ఆపించాను. దానికి తలుపుంది, గడియ లేదు. దిగిన పిల్లలందరూ మళ్ళీ ఎక్కేశారు."

"ఏటా ఇట్టాగేనా టీచరమ్మా?"

"ఏటా. సగం మంది తల్లులు అందుకే పిల్లల్ని పంపరు. చలని చెబుతారు, జలుబని చెబుతారు. అసలు సంగతి ఇదే."

బస్సు వెళ్ళిపోయాక అంకమ్మ ఖాళీ ఇడ్లీ రేకుల ముందు అలాగే కూర్చుంది. తను పెళ్ళైన కొత్తలో కారెంపూడి తిరునాళ్ళకి లారీ ఎక్కి వెళ్ళింది. దారంతా కాళ్ళు ముడుచుకుని, పళ్ళు బిగబట్టి, తిరునాళ్ళలో ఏం చూసిందో కూడా గుర్తులేకుండా తిరిగొచ్చింది. ఆ మాట మళ్ళీ ఎవరితోనూ అనలేదు. ఎవరితోనైనా అనే మాటా అది? ఇరవై రోజులుగా ఈ బస్సుల వంక చూస్తూ వాళ్ళ ఆకలి గురించే ఆలోచించింది. తనూ ఆడదే అయ్యుండి, షట్టరు వెనక కూర్చున్న ఆడపిల్లకి ఏం కావాలో తట్టనేలేదు.

సాయంత్రం గురవయ్యతో చెప్పింది. "మావా, దొడ్లో ఆరు గదులు కట్టాల."

"ఏం గదులు?"

చెప్పింది. గురవయ్య ముందు నవ్వాడు, తర్వాత మొహం చిట్లించాడు. "తిండి పెట్టే కాడ దొడ్లు కడతానంటావేందే? ఊళ్ళో మొహాన ఉమ్మేస్తారు."

"తిండి ముందుంటది, దొడ్లు వెనకుంటయ్యి. నీ ఇంట్లో మాత్రం అట్టా లేదా?"

"నవ్వుతారే."

"ఎర్రతువ్వాలు ఊపినప్పుడు నవ్వలా? ఇంకొకసారి నవ్వుతారు. పోనీ." అంకమ్మ దగ్గరికి జరిగి కూర్చుంది. "ఆ టీచరమ్మ కళ్ళు చూశావా నువ్వు? చదువుకున్న మనిషి, నలభై ఆరుగురు పిల్లల్ని ఏసుకుని వచ్చి, హోటలోళ్ళ ముందు తల దించుకుని అడిగింది."

గురవయ్య లేచాడు. బీడీ వెలిగించుకుని దొడ్లోకి వెళ్ళాడు. అటూ ఇటూ అడుగులు కొలుస్తూ నడవడం అంకమ్మకి తలుపు సందులోంచి కనిపించింది. తిరిగొచ్చి, "తడికలు లాభంలా. గాలికి పోతయ్యి. రాయి నిలబెడతా" అన్నాడు.

మూతబడ్డ క్వారీ గట్టు మీద పగుళ్ళిచ్చిన పలకలు, అంచు విరిగిన పలకలు గుట్టలుగా పడి ఉన్నాయి. ఎవరికీ పనికిరాని రాయి. యజమానికి కబురు పెడితే, "ఎత్తుకుపోతే నాకు జాగా కలిసొస్తది" అన్నాడు. గురవయ్య అటక మీంచి ఉలి, సుత్తి దించాడు. ఆరు నెలల తర్వాత వాటిని చేతిలోకి తీసుకున్నప్పుడు ఆయన భుజాలు ఎలా సర్దుకున్నాయో అంకమ్మ చూసింది. గ్లాసులు పగలగొట్టినప్పటి మనిషి కాడు. వారం రోజులు పని మానుకుని పాత జతగాళ్ళు నలుగురు పిడుగురాళ్ళ నుంచి వచ్చారు. కూలి మాట ఎత్తకుండా, కోడికూరా జొన్నరొట్టే చాలన్నారు. రాతినేలలో గుంటలు తవ్వడానికే నాలుగు రోజులు పట్టింది. తర్వాత మనిషెత్తు పలకలు నిలబెట్టి, మీద పలకలు కప్పి, ఆరు గదులు లేపారు. ఒక రాయికీ ఇంకో రాయికీ మధ్య వేలు దూరే సందు లేదు.

తలుపుల దగ్గర అంకమ్మే నిలబడింది. "గడియ లోపల పెట్టు. పెద్దదిగా పెట్టు. భయపడ్డ చెయ్యి కూడా తడుముకోకుండా ఏసుకోవాల" అని వడ్రంగికి నాలుగుసార్లు చెప్పింది. బావి పక్కన పెద్ద పొయ్యి కట్టించి, పెళ్ళిళ్ళలో నీళ్ళు కాచే రాగి కాగు ఒకటి తెచ్చి దాని మీద ఎక్కించింది.

ఊళ్ళో నవ్వనే నవ్వారు. టీకొట్టు దగ్గర కూర్చున్నవాళ్ళు "ఏందే అంకమ్మా, ఇడ్లీకి ముందా, ఇడ్లీకి తర్వాతా?" అని అడిగారు. "నీ ఇష్టమబ్బాయ్, నీకేది తొందరైతే అది" అంది అంకమ్మ. అక్కడితో ఆ సరదా చచ్చిపోయింది.

పసుపు బోర్డు తీసేయించి, దాని స్థానంలో గురవయ్య రోడ్డువార నిలువెత్తు పలక ఒకటి పాతాడు. క్వారీలో పనిచేసే రోజుల్లో ఆయన సమాధిరాళ్ళ మీద పేర్లు చెక్కేవాడు. "నేనింతవరకూ చచ్చినోళ్ళ పేర్లే చెక్కా. బతికున్నోళ్ళ కోసం చెక్కడం ఇదే మొదలు" అంటూ రెండు రోజులు కూర్చుని, జానెడేసి అక్షరాలు చెక్కి, వాటిల్లో సున్నం పూశాడు.

ఆడవారికి మరుగు కలదు. తలుపుకు గడియ కలదు. వేడినీళ్ళు కలవు. తరువాత టిఫిను.

తెల్లటి అక్షరాలు బస్సు దీపాల వెలుగులో ఫర్లాంగు దూరం నుంచే మెరిసేవి. అంకమ్మ మొదటిరోజు కాగు నిండా నీళ్ళు కాచి పెట్టింది. ఎవరూ ఆగలేదు. రెండోరోజూ కాచింది. మూడోరోజు ఆ నీళ్ళతో మాబున్నీసా తలంటుకుంది. ఆరోరోజు గురవయ్య కట్టెలు తేవడానికి లేవకుండా దుప్పట్లోంచే, "ఇయ్యాల కూడా కాయాలంటావా?" అన్నాడు.

"రాయి మీద కలవు అని రాశావు గదా. లేకపోతే అబద్ధమవదూ?" అంది అంకమ్మ. ఆయన లేచాడు.

ఆ పొద్దున ఒక బస్సు రివ్వున హోటలు దాటిపోయింది. అంకమ్మ అలవాటుగా తల తిప్పేసుకోబోయింది. అంతలో బ్రేకుల చప్పుడైంది. బస్సు ఆగి, వెనక్కి రావడం మొదలుపెట్టింది. క్లీనరు దిగి వెనక రేకు మీద దబదబా కొడుతూ "రైట్, రైట్" అంటుంటే, మెల్లమెల్లగా వచ్చి సరిగ్గా ఆ రాయి ముందు నిలబడింది. డ్రైవరు సామ్యేలు కిందికి దూకి రెండు చెవులూ మూసుకున్నట్టు అభినయించాడు.

"ఏందమ్మా ఈ రాయి! ఒక పిల్ల చదివింది. చదవడం ఏంది, బస్సంతా ఆపు ఆపు అని ఒకటే గోల! టీచరమ్మైతే నా చొక్కా పట్టుకుని లాగింది."

ఆ పిల్లలు వెనక్కి పరుగెత్తారు. ఆరు తలుపులూ మూసుకున్నాయి. ఆరు గడియలూ టకటకా పడ్డాయి. ఆ చప్పుడు విని అంకమ్మ, మాబున్నీసా ఒకరి మొహం ఒకరు చూసుకుని పగలబడి నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో గురవయ్యకి అర్థంకాలేదు. కాగు దగ్గర బకెట్లు నింపుతూ తనూ నవ్వాడు.

ఆ తర్వాత డ్రైవర్ల నోట పాకింది, టీచర్ల నోట పాకింది. రోజుకి రెండు బస్సులు, మూడు బస్సులు. మునుపు బడిపిల్లలే వచ్చేవాళ్ళు. ఇప్పుడు పెళ్ళైన ఆడవాళ్ళు, చంటిపిల్లల తల్లులు, అమ్మమ్మలు కూడా దిగుతున్నారు. గురవయ్య నీళ్ళ పెత్తనం పూర్తిగా తన చేతిలోకి తీసుకున్నాడు. ఎవరికి గోరువెచ్చన, ఎవరికి బాగా వేడి, చంటిబిడ్డకి ఎంత, అన్నీ మోచేత్తో తాకి చూసి ఇచ్చేవాడు. మగ మాస్టర్లు మొహాలు కడుక్కుని, "మాకు గదుల్లేవా పెద్దాయనా?" అనడిగితే, "మీకు పల్నాడంతా ఉంది గదండీ" అనేవాడు. గ్లాసుల జోలికి మాత్రం అంకమ్మ ఆయన్ని రానిచ్చేది కాదు.

క్రిస్మస్ సెలవుల్లో హైమవతి దగ్గర్నుంచి కార్డు వచ్చింది. గురవయ్య కూడబలుక్కుంటూ చదివాడు. ఈసారి పిల్లలతో కాదు, తమ బడి టీచర్లు, వాళ్ళ ఇళ్ళల్లోని ఆడవాళ్ళు కలిసి ఆదివారం వస్తున్నారట. "మీ రాయి సంగతి ఇక్కడిదాకా వచ్చింది" అని చివర్లో రాసింది.

ఆ ఆదివారం పొద్దున విపరీతమైన మంచు పట్టింది. పందిరి గుంజ దగ్గర నిలబడితే రోడ్డు కనపడలేదు. హైమవతి వాళ్ళ బస్సు కంటే ముందు చీరాల బస్సు, దాని వెనక బాపట్ల బస్సు వచ్చాయి. సాగర్ వైపు నుంచి తిరిగొస్తున్న లారీవాడు ఒకడు, "నీళ్ళ మీద మంచు చానా ఉంది. ఎండ పొడిచిందాకా లాంచీలు కదలవంట" అని కబురు చెప్పాడు. అంతే, వచ్చిన బస్సు వచ్చినట్టే అక్కడే ఆగిపోయింది. ఏడయ్యేసరికి ఏడు బస్సులు. మూడువందల పైచిలుకు మనుషులు.

ఇడ్లీపిండి రెండో బస్సుతోనే అయిపోయింది. ఉప్మారవ్వ నాలుగో బస్సుతో అయిపోయింది. అంకమ్మ ఖాళీ గిన్నె చేతిలో పట్టుకుని నిలబడి, "ఇప్పుడెట్టా మాబున్నీ?" అంది.

"నీ ఇంట్లో పిండి అయిపోతే ఊళ్ళో అయిపోయిందా?" అంది మాబున్నీసా. కొంగు బిగించి పేటలోకి పరుగెత్తింది. పావుగంటలో పదిమంది ఆడవాళ్ళు జొన్నపిండి చేటలతో, పెనాలతో వచ్చారు. ఎవరు తెచ్చిన పిండి ఎంతో గుర్తుపెట్టుకోండని, అంతకంత ఇచ్చుకుంటానని అంకమ్మ అరుస్తూనే ఉంది. వినేవాళ్ళెవరు? రోడ్డువార మూడేసి రాళ్ళు పెట్టి, వరసగా పొయ్యిలు రాజేశారు. రొట్టెలు తట్టే చప్పుడు మంచులో చప్పట్లు కొట్టినట్టు వినిపించింది. డెల్టా వైపు పిల్లలు చాలామంది జొన్నరొట్టె తినడం అదే మొదలు. పొయ్యి మీంచి తీసిన రొట్టె మీద వెన్న, పక్కన పండుమిరపకాయ పచ్చడి. కళ్ళవెంట నీళ్ళు కారుతున్నా ఇంకొకటి, ఇంకొకటి అని చేతులు చాపారు. చలి వదిలిపోయింది. బాపట్ల పిల్లలు కోలాటం మొదలుపెట్టారు. కర్రలు లేకపోతే పొయ్యిలో పెట్టబోయిన కట్టెపుల్లలే తీసుకున్నారు. రొట్టెలు కాలుస్తున్న ఆడవాళ్ళలో ఇద్దరు లేచి వాళ్ళకి పల్నాటి అడుగు చూపించారు. ఏడు బస్సుల పిల్లలూ ఒకే వలయమైపోయి తిరుగుతుంటే, సామ్యేలు స్టీరింగు ముందు కూర్చుని తాళానికి హారను కొట్టాడు.

ఆ సందట్లోనే హైమవతి తన తల్లిని చెయ్యి పట్టుకుని నడిపించుకుంటూ వచ్చింది. రాఘవమ్మగారు డెబ్భై దాటిన మనిషి, చిన్నగా, తెల్లగా, దూదిపింజలా ఉంది. దొడ్లోకి వెళ్ళి, గడియ వేసుకుని, నింపాదిగా వచ్చింది. రాగానే వెళ్ళిపోకుండా, నాపరాతి గోడ మీద చెయ్యి వేసి నిమిరింది.

"ఇది కట్టిందెవరమ్మా?"

అంకమ్మ కాగు దగ్గరున్న గురవయ్యని పిలిచింది. ఆయన తడి చేతులు తువ్వాలుకి తుడుచుకుంటూ వచ్చి దూరంగా నిలబడ్డాడు.

"దగ్గరికి రా నాయనా. మావారు బతికున్నప్పుడు కాశీకి రమ్మన్నారు. వెళ్ళలేదు. తిరపతి రమ్మన్నారు. వెళ్ళలేదు. ఒంట్లో బాగోలేదని చెప్పేదాన్ని. ఒంట్లో నాకేం, రాయిలా ఉండేదాన్ని. దారిలో దీనికే భయపడ్డాను. ఆయనకి ఆ మాట చెప్పలేకపోయాను." ఆవిడ నవ్వింది. "నలభై ఏళ్ళ తర్వాత ఇవ్వాళ ఊరు దాటాను. నీ చేతులు చల్లగా ఉండాలి."

గురవయ్య పాతికేళ్ళు రాయి చీల్చాడు. ఆయన తీసిన పలకలు ఎన్ని ఇళ్ళల్లో పరుచుకున్నాయో లెక్కలేదు. ఒక్క మనిషి వచ్చి ఆ రాయి బాగుందన్నది లేదు. ఆయన "నీళ్ళు చల్లారిపోతన్నయ్యమ్మా" అని కాగు దగ్గరికి వెళ్ళిపోయాడు. పొగకి కళ్ళు మండినట్టు తువ్వాలుతో మొహం తుడుచుకోవడం అంకమ్మ చూసి, చూడనట్టు ఊరుకుంది.

పదింటికి మంచు విడింది. బస్సులు ఒక్కొక్కటే కదిలాయి. హైమవతి ఎక్కబోతూ వెనక్కి తిరిగి, "సాగర్లో చూడాల్సింది ముందేది అంకమ్మా? డ్యామా, కొండా?" అంది.

"నాకేం తెలుసు టీచరమ్మా. నేనెప్పుడు చూశా గనక?"

"ఇంత దగ్గరుండి చూళ్ళేదా?"

"పొయ్యి వదిలి యాడికి పోను?"

హైమవతి బస్సు మెట్టు దిగింది. అంకమ్మ చెయ్యి పట్టుకుని లాగింది. అంకమ్మ కంగారుగా, "పిండి చేతులమ్మా, మసి చీరమ్మా, గిన్నెలన్నీ..." అంటుంటే, మాబున్నీసా తన మలారం విప్పి ఆకుపచ్చ గాజులు డజను తీసి, పిండి తుడవకుండానే ఆమె చేతులకి ఎక్కించేసింది. "గిన్నెలు నేను జూస్తా. పో అక్కా" అంది.

అంకమ్మ మొగుడి వంక చూసింది.

"నా వంక చూస్తావేందే? ఎక్కు" అన్నాడు గురవయ్య.

లాంచీ రేవు వదిలి కదిలినప్పుడు అంకమ్మ రాఘవమ్మగారి పక్కన కూర్చుని ఉంది. ఒక పక్క ఆకాశం దాకా నిలబడ్డ డ్యాము, ఇంకోపక్క చూపు ఆననంత నీళ్ళు. ఇంత నీరు ఒక్కచోట ఉంటుందని ఎవరు చెప్పినా ఆమె నమ్మేది కాదు. గాలికి ముడి ఊడి జుట్టంతా మొహాన పడింది. సర్దుకోవాలని కూడా తోచలేదు. పిల్లలు కేకలు వేస్తుంటే తనూ ఒక కేక వేసింది. వేసి సిగ్గుపడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఇంకోటి వెయ్యమ్మా, బాగుంది" అంది రాఘవమ్మగారు. ఈసారి ఇద్దరూ కలిసి వేశారు.

సాయంత్రం బస్సు ఆమెను హోటలు ముందు దింపింది. లోపల గిన్నెలన్నీ తోమి బోర్లించి ఉన్నాయి. గురవయ్య దొడ్లో సుద్దముక్కతో నేల మీద గీతలు గీస్తున్నాడు. "ఇక్కడ ఇంకో నాలుగు గదులు పడతయ్యి. చంటిపిల్లల తల్లులకి ఒక అరుగు. మొత్తం లెక్కేశా, పలకలు..." అంటూ మొదలుపెట్టాడు.

"ఆ సుద్ద అవతల పెట్టి ఇట్టా కూర్చో మావా" అంది అంకమ్మ, ఆయన చెయ్యి పట్టుకుని బావి చప్టా మీదికి లాగుతూ. "ముందు నన్ను ఆ నీళ్ళ సంగతి చెప్పనీ."

గురవయ్య కూర్చున్నాడు. ఆమె రెండు చేతులూ చాచి చెప్పడం మొదలుపెట్టింది.